పెండ్లి నూరేండ్ల పంట: వివాహ పవిత్రత, విడాకుల సమస్య

(అధ్యక్ష మండల శతవత్సర కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగపాఠము)



పెండ్లిని మన తెలుగువారు నూరేండ్ల పంట అందురు. మన అధ్యక్ష మండలము నూరేండ్లు నిండించుకొనిన ఈ సంవత్సరములో ఆ మరియొక నూరేండ్ల పంటను గూర్చి మాటలాడుమని మాకు అప్పగించినందుకు సంతోషించుచున్నాము. అయితే మాకిచ్చిన అంశములో విడాకులను మాట కూడ ఉన్నది. పండుగ దినములలో ఈ మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. పంటను గూర్చి మాటలాడువాడు తెగులును గూర్చి కూడ మాటలాడవలెను గదా! భార్యాభర్తలు విడిపోయిన ఇల్లు ఒక్కటియు లేని సంఘము నేడు అరుదు. అట్టివారిని గూర్చి గుడి బయట గుసగుసలు వినబడును గాని, గుడిలోపల వారిని గూర్చిన బోధ గాని, ప్రార్థన గాని వినబడుట చాల తక్కువ. కావున ఈ దినము దాపరికము లేకుండ కొన్ని సంగతులు మీ ముందుంచుచున్నాము.

వాక్యము ఏమి బోధించుచున్నది?

మత్తయి సువార్త 19వ అధ్యాయములో పరిసయ్యులు ప్రభువునొద్దకు ఒక ప్రశ్న తెచ్చిరి. ఏ కారణముచేతనైనను భార్యను విడనాడవచ్చునా అనునది వారి ప్రశ్న. ఆ ప్రశ్న వెనుక ఆ కాలపు వాదమొకటి ఉన్నది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములోని పరిత్యాగపత్రిక నియమమును యూదుల బోధకులు రెండు విధములుగా వివరించిరి. షమ్మాయి అను బోధకుని శిష్యులు భార్య దుష్ప్రవర్తన తప్ప వేరు కారణము చెల్లదనిరి. హిల్లేలు అను బోధకుని శిష్యులు వంట మాడ్చినను చాలుననిరి. వారి తరువాత వచ్చిన అకీబా అను పండితుడు మరియొక చక్కని స్త్రీ కనబడినను చాలుననెను. ఈ వాదములో ఒక సంగతిని మనము గమనింపవలెను. పత్రిక వ్రాయువాడు పురుషుడే. దానిని చేతబట్టుకొని ఇల్లు విడుచునది స్త్రీయే.

ప్రభువు ఈ రెండు పక్షములలో దేనితోను చేరక, వారిని ఆదికాండమునకు తీసికొనిపోయెను. ఎప్పుడు విడువవచ్చునని వారడుగగా, దేవుడు ఎందుకు జతపరచెనో ఆయన చూపెను. మోషే ఇచ్చిన అనుమతి మనుష్యుల హృదయ కాఠిన్యమునుబట్టి ఇచ్చినదేగాని, అది దేవుని ఆది సంకల్పము కాదని తెలిపెను. ఆ మాటతో పురుషుని చేతిలోని పత్రికకు ఉన్న స్వేచ్ఛ తగ్గిపోయెను. శిష్యులకు సహితము ఆ బోధ కష్టముగా తోచెను. అట్లయిన పెండ్లి చేసికొనకుండుటయే మేలనిరి. కనుక విడాకులను గూర్చిన ప్రభువు బోధను బలహీనురాలిపై విసరు రాయిగా వాడువారు ఆ బోధను తలక్రిందులు చేయుచున్నారని మా నమ్మకము.

మలాకీ గ్రంథము 2వ అధ్యాయము కూడ చూడుడి. యౌవనకాలపు భార్యకును భర్తకును మధ్య దేవుడే సాక్షి అని ప్రవక్త చెప్పుచున్నాడు. విడనాడుట దేవునికి అసహ్యమను మాట మన సంఘములలో అనేకులకు కంఠస్థము. అయితే అదే 16వ వచనములో బలాత్కారము కూడ దేవునికి అసహ్యమని వ్రాయబడియున్నది. ఈ రెండవ మాట మీద ప్రసంగము విన్నవారు ఎందరు? ఒకే వచనములో సగము చదివి సగము విడిచిపెట్టుట న్యాయము కాదు. కాపురమును విడుచువాడును, కాపురములో చేయి చేసికొనువాడును దేవుని యెదుట ఒకే వచనములో నిలిచియున్నారు.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయములో ఎడబాసిన భార్య ఒంటరిగా నుండవలెనని, లేదా భర్తతో సమాధానపడవలెనని బోధించెను. అవిశ్వాసియైన వారు తామే ఎడబాసి పోయినయెడల విశ్వాసి బద్ధుడు కాడనియు, దేవుడు మనలను సమాధానమునకు పిలిచెననియు అక్కడనే వ్రాసెను. కనుక వాక్యము వివాహబంధమును ఎంతో ఎత్తున నిలుపుచున్నది. అయినను విరిగిన మనుష్యుని త్రోసివేయుట లేదు.

మన పూర్వికులు, మన చట్టము

మన తెలుగు సంఘములలో అనేక కుటుంబముల పూర్వికులు వచ్చిన కులములలో కులపెద్దల యెదుట విడిపోవుటయు, మారుమనువు చేసికొనుటయు ఆచారముగానే యుండెను. వరుని తరఫువారు ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకొనుట కూడ ఆచారమే. సువార్తతోపాటు గుడిలో వివాహము, రిజిస్టరు, సాక్షుల సంతకములు వచ్చెను. ఒకే భార్య, ఒకే భర్త, మరణమువరకు కలిసి నడచుట అను ప్రమాణము స్త్రీకి గొప్ప భద్రత నిచ్చెను. ఇది మన సంఘచరిత్రలో కృతజ్ఞతతో తలంచుకొనవలసిన మేలు.

అయితే ఆ ప్రమాణమునకు తోడుగా వచ్చిన చట్టము అంత న్యాయముగా లేదు. 1869లో చేసిన భారత విడాకుల చట్టము, 1857 నాటి ఇంగ్లండు చట్టము మాదిరిని అనుసరించినది. దాని ప్రకారము భర్త తన భార్య వ్యభిచరించెనని రుజువు చేసిన చాలును. భార్యయైతే భర్త వ్యభిచారమొక్కటి చూపిన చాలదు. దానితోకూడ క్రూరత్వమునో, రెండేండ్లు విడిచిపెట్టుటనో రుజువు చేయవలసియుండెను. ఎంత కొట్టినను, కొట్టుట ఒక్కటే ఆమెకు కారణముగా చెల్లలేదు. ఇంగ్లండువారు ఈ భేదమును 1923లో తమ దేశములో తీసివేసిరి. కేరళ హైకోర్టు 1995లోను, బొంబాయి హైకోర్టు 1997లోను ఈ భేదము అన్యాయమని తీర్పులు చెప్పెను. చివరకు 2001లో పార్లమెంటు చట్టమును సవరించెను. అనగా భారత క్రైస్తవ స్త్రీ సమాన న్యాయము కొరకు 132 ఏండ్లు కనిపెట్టుకొని యుండెను.

ఆ సవరణతో వ్యభిచారము, క్రూరత్వము, రెండేండ్ల పరిత్యాగము మొదలగు కారణములు భార్యాభర్తలిద్దరికి సమానమాయెను. ఇద్దరును ఒప్పుకొని విడిపోవుటకు 10ఎ అను సెక్షను చేర్చబడెను. అందులో రెండేండ్లు వేరుగా ఉండవలెనని వ్రాయగా, ఇతరులకు ఒక సంవత్సరము చాలియుండగా క్రైస్తవులకు మాత్రము రెండేల అని కేరళ హైకోర్టు 2010లో దానిని ఒక సంవత్సరముగా చదువుకొనవలెననెను.

కుష్ఠువ్యాధి కూడ విడాకులకు ఒక కారణముగా చట్టములో ఉండెను. దానిని 2019లో మాత్రమే తీసివేసిరి. తెలంగాణలోని డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసానిగారు ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలోనే కుష్ఠురోగులకు ఆసుపత్రి కట్టించి సేవచేసిరి. 1980 దశకము నుండి ఆ వ్యాధి మందులతో పూర్తిగా నయమగుచున్నది. అయినను రోగియైన భార్యను గాని భర్తను గాని విడిచిపెట్టుటకు చట్టము అన్నాళ్లు త్రోవ నిచ్చెను. వ్యాధియందును ఆరోగ్యమందును విడువనని గుడిలో మాట ఇచ్చినవారికి చట్టము ఇచ్చిన సెలవు అక్కరలేదు. చట్టము అనుమతించినదంతయు ధర్మము కాదు. చట్టము నిషేధించినంతమాత్రమున ప్రేమ పుట్టదు. ఈ సంగతి మనకు బాగుగా తెలిసియుండవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. పల్లెలలోను పట్టణములలోను పెద్దమనుష్యుల సమక్షమున స్టాంపు కాగితము మీద విడాకులు వ్రాసికొని, అంతటితో తెగిపోయినదని తలంచువారు ఉన్నారు. క్రైస్తవ వివాహమును రద్దుచేయుటకు ఆ కాగితము చెల్లదు. సంఘమిచ్చిన పత్రము సహితము కోర్టు తీర్పునకు బదులు కానేరదని సుప్రీంకోర్టు 1996లో స్పష్టము చేసెను. అట్టి కాగితము నమ్ముకొని మరల పెండ్లి చేసికొనువారు ద్విభార్యాత్వ నేరములో పడుదురు. రెండవ పెండ్లికి వచ్చిన అమాయకురాలు, పుట్టిన పిల్లలు దాని ఫలము ననుభవింతురు. సంఘ పెద్దలు అట్టి కాగితముల మీద సాక్షి సంతకములు చేయకుందురు గాక.

కాపురములు ఎందుకు చెడుచున్నవి?

చదువులు హెచ్చినవి, ఆడపిల్లలు ఉద్యోగములు చేయుచున్నారు, అందుచేతనే విడాకులు పెరిగినవని పెద్దలు కొందరందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. తన కాళ్లమీద తాను నిలువగలిగిన స్త్రీ అన్యాయమును ఎల్లకాలము సహింపదు. కాని కోర్టుకు ఎక్కని కాపురములన్నియు చక్కగా ఉన్నవనుకొనుట పొరపాటు. పూర్వము కోర్టు లేకయే ఎందరో స్త్రీలు పుట్టింటి వసారాలో సగము జీవితము గడిపిరి. వారు భర్త ఉండియు లేనివారు. ఆ కాపురములు లెక్కలలో చెడలేదు, ఇంటిలో చెడెను.

మొదటి తెగులు కట్నము. మన తాతలు ఓలి ఇచ్చి పెండ్లిచేసికొనిరి. వారి మనుమలు కట్నము తీసికొని చేసికొనుచున్నారు. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినది. అయినను ప్రధానమునాడు ప్రార్థనచేసి, ప్రార్థన ముగియగానే లోపలి గదిలో పొలము, బంగారము, రొక్కము మాటలాడుకొనుట మన ఇండ్లలో సాగుచునేయున్నది. బేరముతో ఆరంభమైన కాపురములో బేరము మాట అంత త్వరగా మరువబడదు. కోడలు తెచ్చినది చాలదనిన దినమున ఆ ఇంటికి మొదటి బీట పడును. పరలోకము జతపరచిన జంటకు భూలోకములో ధర కట్టుట పవిత్రతకు తగునా?

రెండవది త్రాగుడు. 1990 దశకపు ఆరంభములో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణము మూయించుటకు లేచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమునకు, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసెను. 1997లో ఆ నిషేధము సడలిపోయెను గాని, ఆ స్త్రీలు చూపిన సంగతి సడలలేదు. వారిలో అనేకులు చదువురానివారు. వివాహ పవిత్రతను గూర్చి వారు ఉపన్యాసములు చేయలేదు. తమ భర్తలను, తమ కూలి డబ్బును, తమ పొయ్యిని తిరిగి అడిగిరి. కాపురము నిలువవలెననిన దానిని కూల్చుదానితో పోరాడవలెనని వారు మనకు నేర్పిరి.

మూడవది దూరము. గోదావరి జిల్లాల నుండి, కడప ప్రాంతము నుండి మన అక్కచెల్లెండ్రు కువైటుకు ఇంటి పనులకు పోవుచున్నారు. భర్త ఇక్కడ, భార్య అక్కడ. మన నర్సులు పరదేశములలో ఉన్నారు. మన ఇంజనీర్లు అమెరికాలో రాత్రింబగళ్లు పనిచేయుచున్నారు. పంపు డబ్బుతో డాబా లేచును గాని, ఆ డాబాలో ఇద్దరును కలిసి కూర్చుండు దినము దూరమగుచున్నది. ఒకే గదిలో ఉండియు ఎవరి ఫోను వారు చూచుకొను దూరము కూడ దీనికి తక్కువది కాదు.

నాలుగవది, తలిదండ్రుల జోక్యము. పురుషుడు తలిదండ్రులను విడిచి భార్యను హత్తుకొనవలెనని ఆదికాండమే చెప్పుచుండగా, విడువనియ్యని తలిదండ్రులును, విడువలేని కుమారులును ఉన్నారు. పిల్లనిచ్చిన తల్లి రోజుకు నాలుగుమారులు ఫోనులో కాపురము నడుపుచుండుట కూడ ఇట్టిదే. విడిచిపెట్టుట అనగా నిర్లక్ష్యము కాదు. క్రొత్త ఇంటికి దాని స్వంత గడప ఉండనిచ్చుట.

ఓర్పును గూర్చి ఒక మాట

భర్త కొట్టుచున్నాడని వచ్చిన అమ్మాయికి మన పెద్దలు చెప్పు మాటలు మీకందరికి తెలిసినవే. "సర్దుకుపో తల్లీ, కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది" అందురు. ఓర్పు గొప్ప సుగుణమే. ఉప్పు చాలలేదని, మాట పడితినని కాపురము విడుచువారికి ఓర్పు నేర్పవలసినదే. కాని ప్రాణమునకు, బిడ్డలకు అపాయమున్నచోట ఓర్పు బోధించుట పవిత్రతను కాపాడుట కాదు. అది కొట్టువాని చేతికి బలమిచ్చుట.

అట్టివారికి విడాకులొక్కటే త్రోవ అని తలంపవలదు. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించు 2005 నాటి చట్టము ప్రకారము విడాకులు కోరకయే రక్షణ ఉత్తరువును, తానుండిన ఇంటిలోనే ఉండు హక్కును ఆమె అడుగవచ్చును. వివాహబంధమును తెంచుకొనకుండ కోర్టు అనుమతితో వేరుగా నుండు ఏర్పాటు విడాకుల చట్టములోనే, 22వ సెక్షనులో ఉన్నది. స్త్రీలకు వారి ఆదాయముతో పనిలేకుండ న్యాయ సేవాధికార సంస్థ ఉచితముగా న్యాయవాదిని ఇచ్చును. 1984 కుటుంబ న్యాయస్థానముల చట్టము సహితము తీర్పునకు ముందు సమాధానపరచుటకు ప్రయత్నింపవలెనని న్యాయాధిపతికి విధించుచున్నది. లోకపు కోర్టునకు ఆ బాధ్యత ఉన్నయెడల, క్రీస్తు సంఘమునకు ఎంత ఎక్కువగా ఉండవలెను! అయితే సమాధానమనగా ఆమెను మరల అదే గదిలోనికి నెట్టి తలుపు వేయుట కాదు. కొట్టినవాడు పశ్చాత్తాపపడి, త్రాగుడు మాని, కొంతకాలము సంఘము కన్నుల యెదుట నిలకడగా నడచిన తరువాతనే సమాధానమను మాటకు అర్థముండును.

విడిపోయినవారు, వారి బిడ్డలు

ఎంత ప్రయత్నించినను కొన్ని కాపురములు నిలువవు. అప్పుడు సంఘము ఏమి చేయవలెను? ఇంగ్లండులో మేరీ సమ్నర్ అమ్మగారు 1876లో ఆరంభించిన మదర్స్ యూనియన్ మన ఆంధ్రదేశపు గుడులలో కూడ తల్లులను కూర్చి గొప్ప సేవచేసినది. వివాహ పవిత్రతను కాపాడుట దాని ముఖ్యోద్దేశము. అందుచేత విడాకులు పొందిన స్త్రీలకు అందులో చాలకాలము సభ్యత్వము లేకుండెను. తప్పు ఎవరిదైనను, తలుపు మాత్రము ఆమెకే మూయబడియుండెను. 1970 దశకములో ఆ సంస్థయే తన నియమమును మార్చుకొనెను. వివాహము పవిత్రమని నమ్ముటయు, విరిగినదానిని చేర్చుకొనుటయు ఒకదానికొకటి విరోధము కావని అది గ్రహించెను. సమరియ స్త్రీకి అయిదుగురు పెనిమిట్లు ఉండిరని ప్రభువు ఎరుగును. అయినను బావియొద్ద ఆమెతోనే దీర్ఘముగా మాటలాడెను, ఆమెనే తన ఊరికి సాక్షిగా పంపెను.

బిడ్డల సంగతి మరువరాదు. మత్తయి 19లో విడాకులను గూర్చిన సంభాషణ ముగియగానే చిన్నపిల్లలను ప్రభువునొద్దకు తీసికొనివచ్చిరి. మార్కు సువార్త 10వ అధ్యాయములోను ఇదే వరుస. తలిదండ్రుల వివాదములో బిడ్డ అడకత్తెరలో పోకచెక్క. సండేస్కూలు వార్షికోత్సవమునకు అమ్మ వచ్చిన నాన్న రాడు, నాన్న వచ్చిన అమ్మ రాదు. కోర్టు ఆ బిడ్డ ఎవరియొద్ద ఉండవలెనో తీర్చును; ఆ బిడ్డ ఎవరిని ప్రేమింపవలెనో తీర్చలేదు. తండ్రిని గూర్చి తల్లియు, తల్లిని గూర్చి తండ్రియు బిడ్డ యెదుట చెడుగా పలుకకుందురు గాక. భార్యాభర్తలుగా ఉండుట మానినవారు కూడ తలిదండ్రులుగా ఉండుట మానలేరు.

సంఘము చేయదగిన పనులు

మాటలతో ముగింపక, శతవత్సర జ్ఞాపకముగా ప్రతి పాస్టరేటు చేయదగిన కొన్ని పనులను మనవి చేయుచున్నాము.

మొదటిది, మూడు ఆదివారములు చదువు పెండ్లి ప్రకటనలు మొక్కుబడిగా చదువకుందుము గాక. ప్రకటనకు ముందు గురువుగారు వధూవరులను వేర్వేరుగా పిలిచి, ఈ పెండ్లి నీకిష్టమేనా, కట్నము మాటలాడిరా, త్రాగుడు అలవాటున్నదా, మునుపటి వివాహమున్నయెడల కోర్టు తీర్పు ఉన్నదా అని అడుగవలెను. మూడు దినముల మండపమునకు పెట్టు శ్రద్ధలో కొంత మూడు వారముల ఉపదేశమునకు పెట్టినయెడల అనేక కన్నీళ్లు తప్పును.

రెండవది, పెండ్లియైన మొదటి సంవత్సరములో అనుభవముగల ఒక జంట క్రొత్త జంటను కనిపెట్టుచుండవలెను. తగవు ముదిరిన తరువాత పదిమంది పెద్దలు కూర్చుండుటకంటె, ముదరకముందు ఒక్క అక్క ఇంటికి వెళ్లి టీ త్రాగి మాటలాడుట మేలు. విన్న సంగతి ఆ గడప దాటరాదు.

మూడవది, కొట్టువానిని సంఘము ప్రశ్నింపవలెను. విడాకులు పొందినవారిని కమిటీ పదవులకు అనర్హులుగా ఎంచు చోట్ల, భార్యను హింసించువాడు కానుక పళ్లెము పట్టుకొని తిరుగుట తగదు.

నాలుగవది, విడిపోయినవారికి, ముఖ్యముగా ఒంటరి తల్లులకు, గుడిలో వారి స్థలము వారికుండవలెను. బిడ్డ ఫీజుకు, ఇంటి అద్దెకు కష్టపడుచున్నవారికి సంఘపు సహాయము అడుగకముందే చేరవలెను. పండుగనాడు వారిని మన భోజనపు బల్లయొద్దకు పిలుతుము గాక.

ప్రియులారా, కానా ఊరి పెండ్లిలో ద్రాక్షారసము అయిపోయినప్పుడు ఆ ఇంటివారిని ఎవరును అవమానపరచలేదు. ఒక తల్లి లోటును గమనించెను. ప్రభువునొద్దకు పోయి చెప్పెను. పరిచారకులు బానలు అంచులమట్టుకు నింపిరి. లోటును గమనించు కన్ను, దానిని ప్రభువునొద్దకు తీసికొనిపోవు నోరు, నీళ్లు మోయు చేతులు మన సంఘములకు కావలెను. మన పొరుగింటిలో రసము అయిపోవుచున్నదని తెలిసిన దినమున, దానిని ఊరికి చాటక, నీళ్ల బాన భుజమున పెట్టుకొని వెళ్లు కృప దేవుడు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.